గచ్చు కింద బొగ్గు

మీ ఇల్లు ఏ సంవత్సరంలో కట్టారో మీకు తెలుసా? తెలియకపోతే నాన్నగారిని అడగండి, చెబుతారు. తాతలనాటి ఇల్లయితే తాతగారు చెబుతారు. మరి అడగడానికి ఎవ్వరూ మిగలని ఇంటి మాటేమిటి? గుమ్మం మీద సంవత్సరం చెక్కి లేదు. కాగితాలు లేవు. కట్టించినవారు, వారి మనుమలు, ఆ మనుమల మనుమలు అందరూ గతించి పదిహేను వందల ఏళ్ళయింది. అటువంటి ఇంటి వయస్సు కనుక్కోవడం ఎలా?

ఇంగ్లండులో ఒక పల్లె పక్కన అటువంటి ఇల్లు ఉంది. ఆ ఇల్లు ఎప్పుడు పాడుపడిందన్న విషయంలో పండితులు చాలాకాలం ఒక లెక్క నమ్ముతూ వచ్చారు. ఆ లెక్క తప్పని తేల్చినది శిలాశాసనం కాదు, బంగారు నాణెం అంతకంటే కాదు. ఒక గోడ పునాదిలో చిక్కుకుపోయిన కాస్త బొగ్గు, కొన్ని ఎముక ముక్కలు!

ఆ ఊరి పేరు చెడ్‌వర్త్. ఇంగ్లండు నైరుతి భాగంలో గ్లాస్టర్‌షైర్ అనే ప్రాంతంలో, సున్నపురాతి కొండల నడుమ ఉంది. కోల్న్ అనే చిన్న ఏటి లోయలో, అడవి అంచున ఆ ఇంటి శిథిలాలు ఉన్నాయి. క్రీ.శ. 43లో రోమనులు సముద్రం దాటి వచ్చి బ్రిటను దేశాన్ని జయించడం మొదలుపెట్టారు. అప్పుడు మన ప్రాంతంలో శాతవాహనుల కాలం. రోము మనకు మరీ పరాయిదేమీ కాదు సుమా! ఆ దేశపు బంగారు నాణేలు మన నాగార్జునకొండ తవ్వకాలలోనూ బయటపడ్డాయి. మనతో వాళ్ళు వర్తకం చేశారు. బ్రిటనును మాత్రం సుమారు 370 ఏళ్ళు ఏలారు.

రోమనుల కాలంలో కలిగినవారు పట్టణానికి దూరంగా, తమ పొలాల మధ్య కట్టుకున్న భవంతిని విల్లా అంటారు. మన పక్క పెద్ద మోతుబరి రైతుకు పొలంలోనే మేడ, కొట్లు, పశువుల పాకలు ఉన్నాయనుకోండి, ఇంచుమించు అలాంటిది. చెడ్‌వర్త్ విల్లాను రెండో శతాబ్దంలో కట్టడం మొదలుపెట్టి, తరతరాలుగా పెంచుకుంటూ పోయారు. నాలుగో శతాబ్దం వచ్చేసరికి మూడు వైపులా గదుల వరుసలు, మధ్య ముంగిలి, పొడవైన వసారాలు, రెండు స్నానశాలలు అమరాయి. ఒక మూల కొండలోనుంచి నీటి ఊట వస్తుంది. దానికి రాతి తొట్టి కట్టి, చుట్టూ చిన్న గుడిలాగా నిర్మించారు. ఆ ఊట ఈనాటికీ ఎండలేదు.

భోజనశాల గచ్చు చూడదగ్గది. మొజాయిక్ అంటే మన ఇళ్ళలో రాతిచిప్పలు, సిమెంటు కలిపి పోసి నున్నగా అరగదీసే గచ్చు అనుకునేరు. అది కాదు. పాచికలంతేసి రాతి ముక్కలను, కాల్చిన పెంకు ముక్కలను ఒక్కొక్కటే పక్కపక్కన సున్నంలో పేర్చి బొమ్మలు తీర్చడం అసలైన మొజాయిక్. చెడ్‌వర్త్ భోజనశాలలో నాలుగు మూలలా నాలుగు ఋతువుల బొమ్మలు వేశారు. శీతకాలం బొమ్మ చూస్తే నవ్వొస్తుంది. తలమీదికి ముసుగు లాక్కుని, ఒక చేత కుందేలును, ఒక చేత ఆకురాలిన కొమ్మను పట్టుకుని నిలబడి ఉంటాడు. చలికి వణికేవాడి బొమ్మ అది. కాని దాన్ని చూస్తూ భోంచేసేవారికి మాత్రం చలి లేదు!

ఎందుకు లేదో చెప్పాలంటే కాస్త భౌతికశాస్త్రంలోకి వెళ్ళాలి.

మీరు ఉష్ణం ప్రయాణించే మూడు పద్ధతులూ చదువుకున్నారు కదా? వహనం, సంవహనం, వికిరణం. పరీక్ష కోసం బట్టీ పట్టే ఉంటారు. ఆ మూడింటినీ ఒకే ఇంట్లో పనిచేయించారు రోమనులు. గది గచ్చును నేల మీద కాకుండా, రెండు మూడు అడుగుల ఎత్తున్న చిన్న చిన్న స్తంభాల మీద నిలబెట్టేవారు. గచ్చు కింద అంతా బోలు. గోడ బయట ఒక పొయ్యి. అందులో కట్టెలు మండిస్తే వేడి గాలి, పొగ కలిసి గచ్చు కిందికి పోతాయి. అక్కడినుంచి ఎటు పోవాలి? గోడల లోపల గొట్టాల వంటి బోలు పెంకులు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంటాయి. వేడి గాలి తేలిక కనుక ఆ గొట్టాల గుండా పైకి లేచి కప్పు దగ్గర బయటపడుతుంది. అది పైకి పోతున్నకొద్దీ పొయ్యి దగ్గర కొత్త గాలి లోపలికి లాగబడుతుంది. ఇది సంవహనం. జానెడు మందం గచ్చు గుండా వేడి మెల్లగా పైకి పాకుతుంది. ఇది వహనం. వేడెక్కిన గచ్చు, గోడలు గదిలోని మనుషుల ఒంటికి సెగ అందిస్తాయి. ఇది వికిరణం. గదిలోకి పొగ రాదు, బూడిద రాదు. రాయి మెల్లగా వేడెక్కుతుంది, మెల్లగానే చల్లారుతుంది. కాబట్టి సాయంత్రం మంట తగ్గించినా రాత్రి చాలాసేపు గది వెచ్చగానే ఉంటుంది. స్నానశాలలో గచ్చు అరికాళ్ళు కాలేంత వేడెక్కేది. అందుకని కొయ్య అట్టల చెప్పులు తొడుక్కుని నడిచేవారట.

చెడ్‌వర్త్‌లో ఒక స్నానశాలలో ఆవిరి వేడి, మరొకదానిలో పొడి వేడి. ఒక్క ఇంటికి రెండు రకాల స్నానాలంటే ఎంత వైభవమో ఊహించండి. ఆ పొయ్యిలకు పొద్దస్తమానం కట్టెలు ఎగదోసిన పనివాళ్ళ వైభవం మాత్రం ఏ మొజాయిక్‌లోనూ కనబడదు.

రోమను పాలన పోయాక ఇల్లు కూలింది. కొండచరియ మట్టి జారి కప్పేసింది. చెట్లు మొలిచి అడవి అయింది. అక్కడ ఇల్లుండేదన్న మాటే జనం మరచిపోయారు. 1864లో కుందేళ్ళ వేటకు వెళ్ళిన అడవి కాపలాదారు ఒకడు బొరియ దగ్గర తవ్వుతుంటే చిన్న చిన్న చదరపు రాళ్ళు బయటపడ్డాయని అక్కడివారు చెప్పుకుంటారు. ఆ ఎస్టేటు యజమాని ఎల్డన్ ప్రభువు. ఆయన బంధువు జేమ్స్ ఫారర్‌కు పాత వస్తువులంటే ప్రాణం. కూలీలను పెట్టి తవ్వించాడు. కొద్ది కాలంలోనే గోడలు, గచ్చులు, స్నానశాలలు బయటపడ్డాయి.

వాళ్ళు రెండు మంచి పనులు చేశారు. మొజాయిక్‌ల మీద కప్పులు వేయించారు. దొరికిన వస్తువులకు అక్కడే చిన్న మ్యూజియం కట్టించారు. గోడలు వానకు నానకుండా వాటి నెత్తిన బుల్లి పెంకుల కప్పులు కూడా పెట్టారు. అవి ఇప్పటికీ ఉన్నాయి. కాని ఒక పెద్ద నష్టం కూడా జరిగింది. వాళ్ళకు కావలసినది గోడలు, గచ్చులు, అందమైన వస్తువులు. వాటి మీద ఉన్న మట్టి వాళ్ళ దృష్టిలో ఉత్త మట్టి. అందులోని బొగ్గు, ఎముకలు, కాలిన గింజలు అన్నీ పారలతో ఎత్తి పారబోశారు. వాళ్ళను తప్పు పట్టలేం. ఆ బొగ్గు నోరు విప్పుతుందని 1864లో ఎవరికి తెలుసు?

మనమూ అంతకంటే జాగ్రత్తపరులమేమీ కాదు. మన ఊళ్ళ బయట పాటిదిబ్బలు చూసే ఉంటారు. ఒకప్పుడు ఊరుండి పాడుపడిన చోటు అది. ఆ మట్టి బూడిద రంగులో ఉంటుంది. పొలానికి మంచి సత్తువ అని బళ్ళకెత్తి తోలుకుపోతారు. చిన్నప్పుడు నేను కూడా పాటిమన్ను బండి మీద కూర్చుని పొలానికి వెళ్ళినవాణ్ణే. చేతికి దొరికిన పూసలు జేబులో వేసుకునేవాణ్ణి. మట్టి చేలో కలిసిపోయేది. ఎన్ని వందల ఏళ్ళ లెక్క ఆ చేలో చల్లామో ఇప్పుడు తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

సరే, చెడ్‌వర్త్‌కు వద్దాం. 1924లో ఆ స్థలాన్ని నేషనల్ ట్రస్టు అనే సంస్థ తీసుకుంది. చారిత్రక స్థలాలను కొని కాపాడడమే దాని పని. తరువాత కూడా అక్కడ అప్పుడప్పుడు తవ్వకాలు జరిగాయి. కాని అన్నీ ఆచితూచి, కొద్ది కొద్దిగా.

ఇప్పుడు ఆ పొరపాటు లెక్క ఏమిటో చూద్దాం. క్రీ.శ. 410 ప్రాంతంలో రోమను పాలన బ్రిటనులో అంతమయింది. సైన్యాలు వెళ్ళిపోయాయి. జీతాలు లేవు, సంతలు లేవు, పట్టణాలు పాడుపడ్డాయి. విల్లాలలోని కలవారు కూడా ఆ ఇళ్ళు వదిలేశారని చరిత్ర పుస్తకాలు రాశాయి. వాటికి ఆధారం ఏమిటి? ముఖ్యంగా నాణేలు. తవ్వకంలో దొరికిన నాణేలలో అన్నిటికంటే కొత్తది ఏ రాజుదో చూస్తే ఆ పొర కాలం తెలుస్తుంది. చాలా విల్లాలలో చివరి నాణేలు క్రీ.శ. 400 ప్రాంతానివే. కాబట్టి ఆ పాటికే అక్కడి జీవితం ముగిసిందనుకున్నారు.

ఇందులో మెలిక ఎక్కడుందో కనిపెట్టారా? దాదాపు క్రీ.శ. 402 తరువాత బ్రిటనుకు కొత్త నాణేలు రావడమే ఆగిపోయింది! కొత్త నాణేలు రాకపోతే జనం పాతవాటితోనే సరిపెట్టుకుంటారు. మీ గడియారం పన్నెండింటికి ఆగిపోయిందనుకోండి. అది చూసి ఇంకా పన్నెండే అయిందనుకుంటే ఎంత తప్పో ఇదీ అంతే. గడియారం ఆగింది గాని కాలం ఆగలేదు. అయిదో శతాబ్దానికి వేరే గడియారం కావలసి వచ్చింది.

ఆ గడియారం బొగ్గులో ఉంది. అంతరిక్షం నుంచి వచ్చే విశ్వకిరణాల వల్ల పై వాతావరణంలోని నైట్రొజన్ పరమాణువులు కొన్ని కర్బనం-14గా మారుతుంటాయి. ఇది రేడియోధార్మిక కర్బనం. ఎంత తక్కువగా ఉంటుందంటే, సుమారు లక్షకోట్ల మామూలు కర్బన పరమాణువులకు ఇది ఒక్కటి. మొక్కలు బొగ్గుపులుసు వాయువుతోబాటు దీన్నీ పీల్చుకుంటాయి. మొక్కలను తిన్న గొడ్డులోకి, గొడ్డు మాంసం, పాలు తీసుకున్న మనిషిలోకి ఇది చేరుతుంది. ప్రాణం ఉన్నంతకాలం పోయేది పోతూ వచ్చేది వస్తూ ఉంటుంది. చెట్టు కొట్టిన క్షణం నుంచి రాక ఆగి, పోక మిగులుతుంది. 5,730 ఏళ్ళకు సగం తరుగుతుంది. దీన్నే అర్ధాయువు అంటారు. లెక్క వేసి చూడండి, 1,600 ఏళ్ళయితే నూటికి సుమారు 82 పాళ్ళు మిగలాలి. ఈ పద్ధతిని అమెరికాలో విల్లర్డ్ లిబ్బీ అనే రసాయన శాస్త్రజ్ఞుడు కనిపెట్టి 1949లో ప్రకటించాడు. 1960లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆ రోజులలో వయస్సు కట్టడానికి గ్రాముల కొద్దీ బొగ్గు కావలసి వచ్చేది. ఇప్పుడు యాక్సిలరేటర్ యంత్రాలతో పరమాణువులనే లెక్కపెడుతున్నారు కనుక గోరు మీద నిలిచేంత ముక్క చాలు.

2017లో నేషనల్ ట్రస్టు పురావస్తు శాస్త్రజ్ఞుడు మార్టిన్ పాప్‌వర్త్ బృందం విల్లా ఉత్తరపు వరుసలో తవ్వింది. ఒక గదిలో మొజాయిక్ గచ్చు ఉంది. పాతకాలంలో ఎవరో అడ్డగోడ కట్టి ఒక కొత్త గదిని తయారుచేశారు. అందులో ఈ గచ్చు వేయించారు. ఆ గోడ కోసం తవ్విన పునాది గాడిలో బొగ్గు, ఎముక ముక్కలు పడి ఉన్నాయి. వాటి మీద గోడ లేచింది. 1864 నాటి పారలు అంత లోతుకు రాలేదు. అదే అదృష్టం!

ఇక్కడ తర్కం గమనించండి. మీ ఇంటి పునాదిలో 1982 అని అచ్చు ఉన్న ఇరవై పైసల బిళ్ళ దొరికిందనుకుందాం. ఆ ఇల్లు 1982 కంటే ముందు కట్టినది కాజాలదు. తరువాత ఎప్పుడైనా కట్టి ఉండవచ్చు, ఎందుకంటే బిళ్ళ పాతదై ఉండవచ్చు. చెడ్‌వర్త్ బొగ్గు, ఎముకల వయస్సు కడితే క్రీ.శ. 424కు, 544కు మధ్య అని తేలింది. ఒకే సంవత్సరం ఎందుకు చెప్పలేదంటారా? గాలిలో కర్బనం-14 పాలు అన్ని కాలాలలోనూ ఒకేలా లేదు. చెట్ల వలయాలతో పోల్చి సరిచూసుకోవాలి. కొలతలో కొంత అటూ ఇటూ తప్పదు. కాబట్టి జవాబు ఎప్పుడూ ‘ఇంతకూ అంతకూ మధ్య’ అనే వస్తుంది. అయినా కనీసపు హద్దు స్పష్టం. గోడ క్రీ.శ. 424 కంటే ముందుది కాదు. గచ్చు ఆ గోడ కట్టాక వేసినది. అంటే అది కూడా 424 తరువాతదే!

2020 డిసెంబరులో ఈ సంగతి ప్రకటించారు. రోమను పాలన పోయి కొన్ని దశాబ్దాలైన తరువాత కూడా ఆ ఇంట్లో ఎవరో కొత్త గది కట్టుకుని, పనివాళ్ళను పిలిపించి, పూలు, ముడులు ఉన్న వలయాలతో మొజాయిక్ గచ్చు వేయించుకున్నారు. అయిదో శతాబ్దానిదని తేలిన మొజాయిక్ బ్రిటనులో అంతకుముందు ఒక్కటీ లేదు. పనితనం మాత్రం నాలుగో శతాబ్దపు గచ్చులంత గొప్పగా లేదు. అక్కడక్కడ తప్పులున్నాయి. చేయి తిరిగిన పనివాళ్ళు తగ్గిపోతున్నారన్నమాట. చరిత్ర పుస్తకంలో ‘వదిలి వెళ్ళిపోయారు’ అని ఒక్క ముక్కలో తేల్చిన చోట, పరిస్థితులు చెడుతున్నా పాత మర్యాద నిలబెట్టుకోవాలని తంటాలు పడిన ఒక కుటుంబం కనబడుతోంది.

ఈ కథ తరగతిలో చెప్పినప్పుడు వెనుక బెంచీ కుర్రవాడు లేచి, “అయితే మాస్టారూ, మొత్తం తవ్వేస్తే ఇంకా బోలెడు తెలుస్తుంది గదండీ, ఎందుకు తవ్వరు?” అన్నాడు. మంచి ప్రశ్న. నేను వాణ్ణి ఎదురు ప్రశ్న వేశాను. “ప్రయోగశాలలో నీ ప్రయోగం చెడిపోతే ఏం చేస్తావు?” “మళ్ళీ చేస్తానండీ.” “తవ్విన గుంటను మళ్ళీ తవ్వగలవా?” వాడు కూర్చున్నాడు. ఫారర్ కూలీలు మరో నాలుగడుగులు లోతుగా తవ్వి ఉంటే 2017లో చదవడానికి ఏమీ మిగిలేది కాదు. ఇప్పుడు మనం తవ్వకుండా వదిలినదే రేపటి పరికరాలకు మిగులుతుంది.

అందుకే చెడ్‌వర్త్ విల్లా అంతా చట్టం రక్షణలో ఉంది. బ్రిటనులో 1979 నాటి చట్టం ప్రకారం ఇటువంటి రక్షిత స్థలంలో అనుమతి లేనిదే తవ్వరాదు, కట్టరాదు. లోహాలు కనిపెట్టే యంత్రం పట్టుకు తిరగడం కూడా నేరమే. బయటపడ్డ గచ్చులను కాపాడడం మరో తలనొప్పి. సున్నపురాయి నీరు పీలుస్తుంది. చలికి ఆ నీరు గడ్డకడితే నూటికి తొమ్మిది పాళ్ళు ఉబ్బుతుంది, రాయి పెచ్చులుగా ఊడుతుంది. నాచు పడుతుంది. నేలలోని లవణాలు పైకి వచ్చి పూస్తాయి. అందుకని 2012లో పడమటి వరుస మీద కొత్త భవనం కట్టారు. అందులో వేలాడే వంతెనల వంటి దారుల మీద నడుస్తూ, గచ్చు తొక్కకుండా పైనుంచి చూడవచ్చు. ఆ చుట్టుపక్కల తిరిగే పెద్ద నత్తలకూ రక్షణ ఉంది! రోమనులు తినడానికి తెచ్చిన జాతి నత్తలని అంటారు. 2008 నుంచి ఇంగ్లండులో వాటిని పట్టడం, చంపడం నిషేధం.

2020లో రట్లండ్ అనే మరో ప్రాంతంలో ఇంకో విల్లా దొరికింది. ఒక రైతు కుటుంబీకుడు తమ గోధుమ చేలో పాత పెంకులు గమనించి, ఉపగ్రహం తీసిన చిత్రాలు చూశాడు. పైరులో గీతలు కనిపించాయి. కింద గోడ ఉన్నచోట మట్టి పలచన, తేమ తక్కువ, పైరు గిడసబారి ముందే పండుతుంది. పాత కందకం ఉన్నచోట మట్టి లోతు, పైరు ఏపుగా పచ్చగా ఉంటుంది. పైనుంచి చూస్తే ఇంటి నక్షా గీసినట్టే! లెస్టర్ విశ్వవిద్యాలయం వారు తవ్వితే 11 మీటర్ల పొడవు, దాదాపు 7 మీటర్ల వెడల్పు గల మొజాయిక్ బయటపడింది. ట్రాయ్ యుద్ధంలో ఎకిలీజ్, హెక్టర్‌ల కథ దానిమీద ఉంది. బ్రిటనులో అంతకుముందు ఆ కథ గల మొజాయిక్ దొరకలేదు. 2021 నవంబరులో ఆ పొలాన్ని రక్షిత స్థలంగా ప్రకటించారు. కొలతలు, ఫోటోలు తీసుకుని మళ్ళీ మట్టి కప్పేశారు!

ఎందుకు కప్పారో మీరే కొలిచి చూడండి. బడి ఆవరణలో, మాస్టారి అనుమతితో, ఒకటిన్నర అడుగు లోతు సన్నని గుంట తీసి అడుగున ఉష్ణమాపకం బల్బు ఉంచి మట్టి కప్పండి. మరో ఉష్ణమాపకాన్ని నేల మీదే ఉంచండి. ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి రెండింటినీ చదవండి. లోపలిదాన్ని పైకి తీసిన వెంటనే చదవాలి, లేకపోతే ఎండకు అంకె మారిపోతుంది. పైన ఎన్ని డిగ్రీల తేడా వచ్చిందో, లోపల ఎంత వచ్చిందో వారం రోజులు పట్టిక రాయండి. పైన పగలంతా ఎక్కి రాత్రంతా దిగే వేడి, ఆ లోతుకు చేరేసరికి దాదాపు కదలదు. వెలుతురు లేదు కనుక నాచు లేదు. మంచు గడ్డకట్టేది పై పొరలోనే.

రట్లండ్‌లోని ఆ పొలంలో ఇప్పుడు నాగలి దిగదు. గోధుమకు బదులు గడ్డి, తేనెటీగలు వాలే పూలమొక్కలు వేస్తున్నారు. వాటి వేళ్ళ కింద, మట్టి దుప్పటి కప్పుకుని ఎకిలీజ్, హెక్టర్‌లు ఇంకా యుద్ధం చేస్తూనే ఉన్నారు.